ఇంటిదాకా వచ్చే తీగ ఎవరిది?



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆ మాస్టారు, 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చిన తొలినాళ్ల నుంచీ జిల్లా ఫోరం మెట్లు ఎక్కి దిగినవారు. మొలకెత్తని విత్తనాలు, తూకం తగ్గిన గ్యాస్ సిలిండర్, ఎగ్గొట్టిన బీమా క్లెయిము... ఎవరు ఏ గోడు చెప్పుకున్నా కూర్చోబెట్టి, వివరం రాబట్టి, అర్జీ రాసిచ్చేవారు. పని పూర్తయ్యాక ఒక సలహా కూడా ఇచ్చేవారు: ఇకమీదట ఆ దుకాణం గడప తొక్కకండని. చివరి ఏళ్లలో ఆయన దగ్గరికి కేబుల్ గురించీ ఇంటర్నెట్ గురించీ వచ్చేవారు ఎక్కువయ్యారు. వాళ్లకూ అర్జీలు రాసిచ్చారు. ఆ చివరి సలహా మాత్రం ఇవ్వలేకపోయారు. ఆ వీధిలో వెళ్లడానికి ఇంకో గడప లేదు.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది ఆ లోటు గురించే. మూడు వందల చానెళ్లున్నాయి, ఇరవై రకాల ప్లాన్లున్నాయి, ఇంకేం కావాలని అడిగేవారున్నారు. నా సమాధానం ఒక్కటే. సేవ నచ్చకపోతే మానేసి ఇంకొకరి దగ్గరికి వెళ్లగలిగినప్పుడే మనిషికి ఎంపిక ఉన్నట్టు. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు వాడి బుట్టలో ఎన్ని సరుకులున్నా కొనేవాడికి బలం రాదు.

వీధికొక ఆపరేటర్

ఈ పరిస్థితి ఎవరో కుట్ర పన్ని తెచ్చింది కాదు. 1991లో గల్ఫ్ యుద్ధం దృశ్యాలు ఉపగ్రహం ద్వారా వచ్చాయి, అదే ఏడాది స్టార్ టీవీ వచ్చింది, 1992లో జీ టీవీ వచ్చింది. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యేసరికి తెలుగిళ్లలో కేబుల్ నిత్యావసరమైంది. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాళ్లు అప్పో సప్పో చేసి మేడ మీద డిష్ పెట్టారు. చెట్టు మీంచి చెట్టుకి, డాబా మీంచి డాబాకి తీగ లాగారు. వానలో తడుస్తూ స్తంభాలెక్కారు. మన ఊళ్లలో సమాచార వ్యవస్థ చివరి అంచెను కట్టింది వాళ్లే. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం ప్రకారం ఆపరేటర్ పేరు నమోదు చేయించుకోవాలి; 2025 దాకా అది హెడ్ పోస్టాఫీసులో జరిగేది. ఈ వీధి నీది, ఆ వీధి అతనిది అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఒకే చోట ఎందరైనా వ్యాపారం చేయవచ్చు. ఆచరణలో మాత్రం హద్దులు పుట్టుకొచ్చాయి. కాలువ ఇవతల ఒకరు, అవతల ఒకరు. మొదట్లో ఒకరి తీగ ఒకరు కత్తిరించుకునే గొడవలు జరిగేవి. తర్వాత పెద్దమనుషుల ఒప్పందాలయ్యాయి. ఇప్పుడు ఆపరేటర్ వ్యాపారం మానుకోదలిస్తే తన కనెక్షన్లను లెక్కగట్టి ఇంకొకరికి అమ్ముకుంటాడు. అమ్ముడుపోయే ఆ ఇళ్లవాళ్లను ఎవరూ ఒక్క మాట అడగరు.

దీని వెనక ఒక ఆర్థిక కారణం కూడా ఉంది. తీగ వేయడానికయ్యే ఖర్చంతా ముందే పెట్టాలి. వీధిలో నూరిళ్లుంటే నూరూ తీసుకున్నప్పుడు ఆ ఖర్చు తేలిగ్గా తిరిగొస్తుంది. రెండోవాడు కూడా అదే వీధిలో తీగ వేస్తే ఇద్దరికీ యాభై చొప్పున మిగిలి ఇద్దరూ నష్టపోవచ్చు. అందుకే రెండోవాడు రాడు. ఆర్థికవేత్తలు దీన్ని సహజ గుత్తాధిపత్యం అంటారు. అది సహజంగా పుట్టిందన్నంత మాత్రాన దాన్ని అలాగే వదిలెయ్యాలని ఏమీ లేదు. కరెంటు, మంచినీళ్లు, రైళ్ల విషయంలో సమాజం ఈ సమస్యను గుర్తించి నియమాలు పెట్టుకుంది. కేబుల్ విషయంలో చాలాకాలం గుర్తించనే లేదు.

మారిన పెట్టె, మారని తీగ

2011లో చట్టాన్ని సవరించి కేబుల్‌ను డిజిటల్ చేయాలన్నారు. రెండో దశలో 2013 మార్చి 31 గడువుగా హైదరాబాద్, విశాఖపట్నం అందులోకి వచ్చాయి. బొమ్మ బాగుపడింది, కనెక్షన్ల లెక్క తేలింది. అయితే సెట్‌టాప్ బాక్సు చానెళ్లు తెచ్చి ఆపరేటర్‌కి అందించే ఎమ్మెస్వో అనే పెద్ద సంస్థకి కట్టుబడిపోయింది. ఎమ్మెస్వో మారితే పాత పెట్టె అటకెక్కాల్సిందే. ఇళ్లలో అటకల మీద అలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

మొబైల్ ఫోన్‌తో పోల్చి చూడండి. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలొచ్చింది. 1900కి ఒక మెసేజ్ పంపితే ఆ పని మొదలవుతుంది. ఆ ఒక్క హక్కు ఉన్నందుకు ఎంత పెద్ద కంపెనీ అయినా కస్టమర్ వెళ్లిపోతాడేమోనని జంకుతుంది. సెట్‌టాప్ బాక్సు కూడా ఏ ఆపరేటర్ దగ్గరైనా పనిచేసేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. మన ఇళ్లలో మాత్రం పెట్టె ఇంకా పాత యజమానికే విధేయంగా ఉంది.

2019 ఫిబ్రవరి 1న ఇంకో మార్పొచ్చింది. నెట్‌వర్క్ చార్జీ 130 రూపాయలు, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు. దానికి నూరు చానెళ్లు. ఆపైన పే చానెళ్లను ఎవరికి కావలసినవి వాళ్లు ఏరుకోవచ్చన్నారు. ఉద్దేశం మంచిదే. ఆ నెలల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఆపరేటర్ ముందే తయారుచేసిన ప్యాకుల కాగితం తెచ్చిచ్చాడు. విడివిడిగా తీసుకుంటే కట్టకంటే ఎక్కువవుతుందన్నాడు, అది నిజం కూడా. సీరియల్ కోసం ఒక చానెల్ అడిగిన అమ్మమ్మకి పది చానెళ్ల కట్ట అంటగట్టారు. ఆ తర్వాత నియమాలు మళ్లీ మళ్లీ మారాయి. 2024 జులైలో ఆ నెట్‌వర్క్ చార్జీ మీద పరిమితినే ఎత్తేశారు, మార్కెట్ చూసుకుంటుందని. పోటీ ఉన్నచోట ఆ మాట చెల్లుతుంది. ఒక్కడే ఉన్న వీధిలో ధర అదుపులో పెట్టేదెవరు?

ఎర్ర లైటు వెలిగినప్పుడు

ఇంటర్నెట్ కథ ఇంకా దగ్గరగా చూద్దాం. దేశంలో 90 కోట్లకు పైగా ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో తీగ ద్వారా వచ్చేవి 4 కోట్ల పైచిలుకు. అయినా పిల్లల ఆన్‌లైన్ పరీక్ష, ఇంటి నుంచి ఉద్యోగం, దుకాణంలో బిల్లింగ్ వంటి నిలకడ కావలసిన పనులన్నీ ఆ తీగ మీదే నడుస్తున్నాయి.

మా అపార్ట్‌మెంటులో గ్రౌండ్ ఫ్లోర్ మెట్ల కింద ఒక ఇనప పెట్టె ఉంటుంది. వీధి స్తంభం నుంచి వచ్చిన ఫైబర్ అందులోని స్ప్లిటర్‌లో విడిపోయి, షాఫ్ట్ గుండా పైకి పాకి, గోడకి వేసిన బెజ్జంలోంచి ఒక్కో ఇంట్లోకి దూరుతుంది. ఎక్కడైనా ఆ తీగ తెగినా, మడతపడినా ఇంట్లో మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఒక వర్షాకాలం మా ఇంట్లో ఆ లైటు వెలిగి రోజుల తరబడి ఆరలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదైందన్నారు. కాసేపటికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. మోడెం మీద లైటు ఎర్రగానే ఉంది. మళ్లీ ఫోన్, మళ్లీ కొత్త నంబరు, మళ్లీ అదే మెసేజ్. చివరికి వచ్చిన కుర్రాడు పదిహేను నిమిషాల్లో జాయింట్ వేసి బాగుచేశాడు. అతని కింద మూడు కాలనీలు ఉన్నాయట. అతని తప్పేమీ లేదు.

విసిగిపోయి వేరే కంపెనీని పిలిచాం. సర్వేకి వచ్చినతను మెట్ల కింద పెట్టె దాకా వచ్చి వెనుదిరిగాడు. బిల్డర్ కట్టే రోజుల్లోనే ఒక కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నాడని, షాఫ్ట్‌లో ఇంకొకరి తీగ వేయనివ్వరని అసోసియేషన్‌వాళ్లు చెప్పారు. ఫ్లాటు మాది, గోడ మాది, నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మేము. ఆ గోడలోని బెజ్జం మీద హక్కు మాత్రం ఎప్పుడో మా పేరున ఇంకెవరో రాసిచ్చేశారు.

ఇలాంటి ఒప్పందాలు తప్పని ట్రాయ్ 2017 జనవరిలోనే చెప్పింది. భవనంలోకి ఏ కంపెనీనైనా వివక్ష లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది. అమెరికాలో అపార్ట్‌మెంట్లతో కేబుల్ కంపెనీలు చేసుకునే ఏకహక్కు ఒప్పందాలను అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2007లోనే నిషేధించింది. పక్కదారిన యజమానికి ఆదాయంలో వాటా ఇచ్చి పోటీని అడ్డుకునే పద్ధతులను 2022లో కట్టడి చేసింది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మన పిల్లల్ని అడగండి, అంత పెద్ద దేశంలోనూ ఇంటికి వచ్చే మంచి తీగ ఒక్కటే అయిన చోట్లు ఎన్నో ఉన్నాయని చెబుతారు. జబ్బు అక్కడా ఉంది. దాన్ని జబ్బుగా గుర్తించి నియమం రాసుకోవడంలో వాళ్లు మనకంటే ముందున్నారు.

వెళ్లగలిగినవాళ్లు వెళ్లాక

‘డీటీహెచ్ ఉంది, ఓటీటీ ఉంది, గాలిలో వచ్చే ఫైవ్‌జీ ఉంది. నచ్చకపోతే అటు వెళ్లవచ్చుగా’ అనే వాదన బలమైనదే. ట్రాయ్ కూడా 2013లో కేబుల్ గుత్తాధిపత్యంపై సిఫారసులు చేసినప్పుడు రాష్ట్రాన్ని ఒక మార్కెట్‌గా తీసుకుని ఒక సంస్థ వాటాకి పరిమితి పెట్టాలంది. 2022 సెప్టెంబరులో మళ్లీ పరిశీలించి, టీవీ పంపిణీలో చాలినంత పోటీ ఉందన్న అభిప్రాయానికి వచ్చింది.

రాష్ట్రం మొత్తం మీద చూస్తే అది నిజమే కావచ్చు. వినియోగదారుడు మాత్రం రాష్ట్రంలో కనెక్షన్ తీసుకోడు, తన ఇంటి ముందున్న స్తంభం నుంచి తీసుకుంటాడు. అతని మార్కెట్ ఆ స్తంభమే. అక్కడ ఎందరున్నారన్నదే లెక్క.

ఇక్కడ ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ పుస్తకాన్ని తలచుకోవాలి. నైజీరియాలో రైళ్లకి లారీలు పోటీకొచ్చినా రైల్వే ఎందుకు బాగుపడలేదని ఆయన ఆలోచించాడు. గట్టిగా అడగగలిగిన వర్తకులు లారీలకి మళ్లిపోయారు. అడిగేవాళ్లే లేకపోయేసరికి రైల్వేకి బాగుపడాల్సిన ఒత్తిడి తగ్గింది. కొద్దిపాటి పోటీ ఒక్కోసారి గుత్తాధిపత్యానికి ఊరటే ఇస్తుందని ఆయన తేల్చాడు.

మన వీధుల్లో జరుగుతున్నది అదే. డబ్బున్నవాళ్లు, ఆంగ్లంలో ఈ-మెయిల్ రాయగలవాళ్లు, సోషల్ మీడియాలో కంపెనీని నిలదీయగలవాళ్లు ఓటీటీకో ఫైవ్‌జీకో వెళ్లిపోయారు. అద్దె ఇంట్లో డాబా మీద డిష్ పెట్టుకోనివ్వని కుటుంబం, స్మార్ట్ టీవీ కొనలేని ముసలమ్మ, ఊరి చివర సెల్ సిగ్నల్ సరిగా రాని కాలనీ, ఇవి మిగిలాయి. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయాక మిగిలినవాళ్ల గొంతుకి బరువు తగ్గింది. పైస్థాయిలో పోటీ ఉందని చూపించే లెక్క ఈ మనుషుల్ని లెక్కలోంచి తీసేస్తుంది.

ఏ వార్త చూడాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఇది బిల్లులకే పరిమితమైన సంగతి అయితే నేనింత పట్టుబట్టేవాణ్ని కాను. 2014 జూన్‌లో తెలంగాణలో ఎమ్మెస్వోలు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను నిలిపేశారు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో టీవీ9, సాక్షి, ఎన్టీవీ వంటి చానెళ్లు కేబుల్‌లో కనిపించకుండా పోయి వివాదం కోర్టుదాకా వెళ్లింది. ప్రభుత్వాలు మారాయి, చానెళ్ల పేర్లు మారాయి. పద్ధతి అదే. ఆ చానెళ్లు చెప్పేది మనకి నచ్చాలని లేదు. ఏది చూడాలో, ఏది మానాలో రిమోట్ పట్టుకున్నవాడు నిర్ణయించుకోవాలి. ఇంటికి ఒకే తీగ ఉన్నప్పుడు ఆ తీగ మొదట్లో కూర్చున్న పదిమంది నిర్ణయం లక్షల ఇళ్ల మీద పడుతుంది.

వ్యాపార తగాదాలు కూడా అంతే. 2023 ఫిబ్రవరిలో కొత్త ధరల మీద పెద్ద ప్రసార సంస్థలకీ కేబుల్ పంపిణీదారులకీ పేచీ వచ్చి సిగ్నళ్లు ఆపేశారు. పంపిణీదారుల సమాఖ్య చెప్పిన లెక్క ప్రకారం దాదాపు నాలుగున్నర కోట్ల ఇళ్ల మీద ఆ ప్రభావం పడింది. నెల డబ్బులు ముందే కట్టిన ప్రేక్షకుడికి ఆ చర్చల్లో కుర్చీ లేదు.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ఆ తీర్పులో విడిగా అభిప్రాయం రాసినవారు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ప్రసారాల మీద గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా, ప్రైవేటు వ్యక్తులదైనా పౌరుడి వాక్‌స్వాతంత్ర్యానికి చేటేనని, భిన్నాభిప్రాయాలు అందుకునే హక్కు వినేవాడికి ఉందని ఆ అభిప్రాయం సారాంశం. గాలి తరంగాల గురించి చెప్పిన ఆ సూత్రం, మన రోడ్ల పక్కన, మన కరెంటు స్తంభాల మీద, మన గోడల్లోంచి వచ్చే తీగకి కూడా వర్తించాలని నేను నమ్ముతాను.

చట్టం చేతిలో ఉన్నది

చట్టం చేతులు ముడుచుకుని ఉందనడం సరికాదు. పంజాబ్, చండీగఢ్‌లలో కేబుల్ కనెక్షన్లలో 85 శాతానికి పైగా చేతిలో ఉన్న ఫాస్ట్‌వే సంస్థ ఒక వార్తా చానెల్ ప్రసారాన్ని ఆపేసింది. సుప్రీంకోర్టు 2018 జనవరిలో, ఆ సంస్థపై పడిన జరిమానాను రద్దుచేసినా, అది మార్కెట్‌లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం టెలికాంను సేవల జాబితాలో స్పష్టంగా చేర్చింది. టెలికాం కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లకూడదన్న అడ్డంకిని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తొలగించింది. కాబట్టి బిల్లు దాచుకోండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి, కమిషన్‌కి వెళ్లండి.

అయితే కేసు గెలిచినా పరిహారం వస్తుంది గానీ రెండో తీగ రాదు. అందుకే మందు వేయాల్సిన చోటు వేరే ఉంది.

దారి వేరు, వ్యాపారం వేరు

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు షాక్ కొట్టి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను కత్తిరించింది. నగరంలో ఎన్నో చోట్ల ఇంటర్నెట్ ఆగింది, వివాదం హైకోర్టుకెక్కింది. ఎవరికి వాళ్లు తీగలు వేలాడదీస్తూ పోతే ఏమవుతుందో ఆ దుర్ఘటన చెప్పింది. పోటీ కావాలంటే స్తంభానికి ఇంకో పది తీగలు కట్టాలని నేననడం లేదు. ప్రాణాల కంటే ఏ వేగమూ ఎక్కువ కాదు.

రోడ్డు ఒక్కటే ఉంటుంది, దాని మీద ఎవరి బస్సయినా నడుస్తుంది. తీగ వెళ్లే దారి కూడా అలాగే ఉమ్మడిగా ఉండాలి. భూమిలో గొట్టం, స్తంభం, భవనంలో షాఫ్ట్, వీలైతే అందులోని ఫైబర్ కూడా అందరికీ ఒకే అద్దెకి అందాలి. ఆపైన సేవ అమ్ముకునేవాళ్లు పోటీపడాలి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నగరపాలక సంస్థకు చెందిన స్టోకాబ్ 1994 నుంచి ఇదే చేస్తోంది. ఫైబర్ వేసి కంపెనీలకి అద్దెకిస్తుంది, తాను ఇంటర్నెట్ అమ్మదు.

మనకీ ఇలాంటి పునాదులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీద సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ ఇస్తామన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల గొట్టాల వెంట టీ-ఫైబర్ కోసం ప్రత్యేక గొట్టాలు వేశారు. ఇవి ప్రజల డబ్బుతో పరిచిన దారులు. ఇంటిదాకా వచ్చే చివరి అంచె మాత్రం ఏపీ ఫైబర్‌లోనూ పాత ఆపరేటర్ చేతిలోనే, పాత హద్దుల్లోనే ఉండిపోయింది. ఆ చివరి వంద మీటర్లు తెరిస్తేనే ముందు వేసిన వేల కిలోమీటర్లకి అర్థం.

చిన్న ఆపరేటర్లు దీనికి భయపడనక్కర్లేదు. కేరళలో వాళ్లు ఒక్కటై, తమ వాటాలతో కంపెనీ పెట్టుకుని, కేరళ విజన్ పేరున కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ నడుపుతున్నారు. దేశంలోని పెద్ద తీగ బ్రాడ్‌బ్యాండ్ సంస్థల వరసలో చేరారు. మన ఆపరేటర్లకి ఊరూ తెలుసు, తీగా తెలుసు, ఇంటింటి మనిషీ తెలుసు. గిరిగీసుకుని కాపాడుకునే వ్యాపారం కంటే ఆ నైపుణ్యంతో గెలుచుకునే వ్యాపారం గట్టిది.

చేయవలసినవి నాలుగు

మొదటిది, 2023 టెలికాం చట్టం, 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన, తీగల దారి హక్కుకి సంబంధించిన రైట్ ఆఫ్ వే నియమాలు ఉమ్మడి గొట్టాలకి దారి చూపిస్తున్నాయి. ప్రతి మున్సిపాలిటీ కొత్త రోడ్డు వేసేటప్పుడే గొట్టం వేసి, అందరికీ ఒకే రేటుకి ఇవ్వాలి. రెండోది, అపార్ట్‌మెంట్లలో ఏకహక్కు ఒప్పందాలు చెల్లవని ప్రభుత్వం స్పష్టంగా ప్రకటించాలి. ప్లాను ఆమోదించేటప్పుడే ఉమ్మడి షాఫ్ట్ ఉందో లేదో చూడాలి. మూడోది, నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకున్నట్టే, పెట్టె మార్చకుండా ఆపరేటర్‌ని మార్చుకునే హక్కు టీవీకీ ఇంటర్నెట్‌కీ రావాలి. నాలుగోది, ఏ ప్రాంతంలో ఎందరు సేవలందిస్తున్నారో వీధి స్థాయిలో ట్రాయ్ లెక్క తీసి ప్రకటించాలి. స్తంభం దగ్గర ఎందరున్నారో తెలియకుండా పోటీ ఉందని చెప్పడం ఆపాలి.

వీటిలో ఒకటి మన చేతుల్లోనే ఉంది. మీ అసోసియేషన్ వచ్చే జనరల్ బాడీ మీటింగులో కేబుల్ ఒప్పందం కాగితం బయటికి తీయమని అడగండి. ఎవరు సంతకం పెట్టారో, ఎన్నేళ్లకి పెట్టారో, దానికి ఎవరికేం ముట్టిందో అందరి ముందూ చదవమనండి. ఇంకో కంపెనీకి తలుపు తెరవాలని తీర్మానం రాయించండి. చట్టం రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆ తీర్మానానికి ఒక ఆదివారం సాయంత్రం సరిపోతుంది. ఒక్క అపార్ట్‌మెంటు తలుపు తెరిస్తే రెండో కంపెనీకి ఆ వీధిలోకి రావడానికి కారణం దొరుకుతుంది. అది వీధిలోకి వచ్చిందంటే, ఇన్నాళ్లూ వెళ్లలేక మిగిలిపోయినవాళ్లకి కూడా ఇంకో గుమ్మం దొరుకుతుంది. మాస్టారి పేరున నేను మిమ్మల్ని కోరేది ఈ పనే.